తుఫాను రోజులకు ముందే: లేబర్ రూమ్ నుంచి మత్తు డాక్టరుకు వెళ్లే మాట

"ఎమర్జెన్సీ సిజేరియన్ సార్, త్వరగా రండి" అని లేబర్ రూమ్ సిస్టర్ ఫోన్ పెట్టేస్తే మత్తు డాక్టరుకు పరుగెత్తాలని తెలుస్తుంది, అంతే. నడుముకు సూది వేయొచ్చో లేదో, రక్తం ఉందో లేదో తెలియదు. తుఫానులొచ్చే అక్టోబరు, నవంబరుల్లో విశాఖలో ఈ లోటు మరీ ఇబ్బంది పెడుతుంది. పాడేరు ఘాట్ దిగి 108లో వచ్చే కేసు ఆలస్యమవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పటిలా కరెంటూ ఫోనూ ఒకేసారి పోవచ్చు.

ఫోన్లో మొదటి మాట తొందర ఎంతో చెప్పాలి: "బిడ్డ గుండె 80కి పడి లేవడం లేదు, 30 నిమిషాల్లో తీయాలంటున్నారు." ఆ తర్వాత బీపీ, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు (ఎప్పటి రిపోర్టో కూడా), ఇప్పటిదాకా పోయిన రక్తం, క్రాస్ మ్యాచ్ (ఎక్కించే రక్తం సరిపడుతుందా అని చూసే పరీక్ష) సంగతి.

"ఏమైనా తిన్నావా అమ్మా?" అంటే "ఏం తినలేదు" అనే చెబుతారు. "పొద్దున్న లేచాక నోట్లోకి ఏం వెళ్లింది, ఎన్నింటికి?" అని అడగండి. అప్పుడు చోడి అంబలి, పాల టీ బయటికొస్తాయి. మామూలుగా తేలికపాటి తిండికి 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు ఆగాలి. ఎమర్జెన్సీలో ఆగలేరు, నిజమే. కానీ పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు కాబట్టి డాక్టరుకు ముందే తెలియాలి.

రక్తం పలచబరిచే ఎనోక్సాపరిన్ వాడుతుంటే చివరి డోసు ఎంత, ఎప్పుడు? గడ్డలు కట్టకుండా ఇచ్చే 40 మిల్లీగ్రాములైతే వెన్నులో సూదికి 12 గంటలు, చికిత్స డోసైతే 24 గంటలు ఆగుతారు. టైము రాయకపోతే డాక్టరు చేతులు కట్టేసినట్టే.

ఇక్కడికి పంపిన చిన్న ఆసుపత్రిలో మెగ్నీషియం (బీపీ పెరిగినవాళ్లకు ఫిట్స్ రాకుండా ఇచ్చే మందు) పడిందా అన్నది తరచూ జారిపోయే సంగతి. నరంలో 4 గ్రాములు, రెండు పిరుదుల్లో చెరి 5 గ్రాములు అక్కడే ఇచ్చేసి ఉంటారు. కాగితం తడిసిపోతే ఇక్కడ మళ్లీ మొదలుపెడతారు. 108 సిబ్బందిని నోటితో అడిగి, కేస్ షీటు పైన ఎర్ర పెన్నుతో రాయండి. మెగ్నీషియం ఉన్నవాళ్లలో కండరాలు సడలించే మందు ఎక్కువసేపు నిలుస్తుంది. మోకాలి రిఫ్లెక్స్ పోతే మెగ్నీషియం ఆపి వెంటనే చెప్పాలి. దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ 1 గ్రాము చేతికందేచోట ఉంచండి.

ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లను సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) గురించి అడగండి. ఉంటే ఓ.టి.లో చలి తగలకూడదు, ఒంట్లో నీరు తగ్గకూడదు. కాన్పు తర్వాత రక్తం ఆపే మందుల్లో ఆస్తమా ఉంటే కార్బోప్రోస్ట్, బీపీ ఉంటే మెథర్జిన్ వద్దని బిడ్డ బయటికి రాకముందే గట్టిగా అనాలి. రక్తం కారుతున్నప్పుడు ఎవరికీ గుర్తుండదు.

రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంపూల్‌ను స్పైనల్ ట్రే (నడుము సూది సామాను పళ్లెం) దరిదాపుల్లో పెట్టొద్దు. నడుముకిచ్చే మత్తు మందు బుపివకైన్ అనుకుని వెన్నులో ఎక్కించిన సంఘటనలున్నాయి, ప్రాణాలు పోయాయి. ఆంపూల్ మీది పేరు సిస్టర్ పైకి చదవాలి, డాక్టరు కళ్లతో చూడాలి.

ఇక డాక్టర్లకు: రాత్రి 2 గంటలకు రెండోసారి ఫోన్ వస్తే విసుక్కోకండి. ఒకసారి కసిరితే ఆ సిస్టర్ మూడో ఫోన్ బీపీ 70కి పడ్డాకే చేస్తుంది. బీపీ పెంచేందుకు "ఫెనైలెఫ్రిన్ 50 మైక్రోగ్రాములు" అన్నప్పుడు ఆమె తిరిగి అనేదాకా ఆగండి.

తుఫాను హెచ్చరిక రాగానే మత్తు డాక్టరు రాత్రికి ఆసుపత్రిలోనే పడుకునేలా డ్యూటీ మార్చండి. ఆయన ఏ గదిలో ఉన్నారో లేబర్ రూమ్ గోడ మీద రాసి, ఫోన్లు పోతే చీటీ పట్టుకుని వెళ్లే మనిషిని పేరు పెట్టి తేల్చండి. చీటీ మీద ముందుగా గీసి ఉంచాల్సిన గడులు: తొందర, బీపీ, తిన్న టైము, మెగ్నీషియం, ఎనోక్సాపరిన్, రక్తం.