దారిలో ఉన్న సరుకుకూ ఒక ఖాతా
మూడు గోదాముల నిల్వలను ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చిన తరువాత కూడా మొత్తం లెక్క కుదిరేది కాదు. తెరపై తక్కువగా కనిపించిన సరుకు నాలుగు రోజులకు దానంతటదే ప్రత్యక్షమయ్యేది. మొదట దొంగతనమేమోనని అనుమానించాను (అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను). తీరా బదిలీ పత్రాలను వరుసగా పరిశీలిస్తే, పంపే గోదాము లారీ కదలగానే సరుకును తన ఖాతాలో తగ్గించుకుంటున్నదనీ, అందుకునే గోదాము మాత్రం దించి లెక్కపెట్టిన తరువాతే చేర్చుకుంటున్నదనీ, ఈ రెండింటికీ మధ్య ఉన్న సమయంలో అది ఎవరి ఖాతాలోనూ ఉండడం లేదనీ తేలింది.

అందువల్ల 'మార్గంలో' అనే పేరుతో సాఫ్ట్‌వేర్‌లో ఒక ఊహా గోదామును సృష్టించి, ప్రతి బదిలీనీ పంపడం, అందుకోవడం అనే రెండు నమోదులుగా విడదీశాను. అందిన సంఖ్య తక్కువైతే తేడా అక్కడే మిగిలి, ఏ బదిలీలో తగ్గిందో చూపుతుంది. అయితే ఆ సరుకు అమ్మకానికి సిద్ధంగా ఉన్నట్లు కనిపించకుండా సెట్టింగ్ మార్చాలి. నేను ఆ సంగతి మరిచి, చేతిలో లేని సరుకుకు ఆర్డర్లు తీసుకున్నాను.

మిగిలిన తేడాకు కారణం కొలమానం: ఒక గోదాము పెట్టెల్లో, మరొకటి విడి వస్తువుల్లో నమోదు చేస్తున్నాయి. విడి వస్తువునే మూల కొలమానంగా నిర్ణయించి, పెట్టెకు 12 అన్న మార్పిడిని ఒక్కచోటే ఉంచాను. పాత తేడాలను మాత్రం, అన్ని గోదాముల్లోనూ కదలికలు ఆపి, చేతితో లెక్కించి సరిచేయవలసి వచ్చింది.