రాళ్ళు చదవడం నేర్చుకుందాం – 4వ భాగం: సెడోనాలో ఒక రోజు

పోయిన భాగంలో గండికోట లోయ దగ్గర పొరలు లెక్కపెట్టడం చూశాం కదా, ఈసారి అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని సెడోనా. ఫీనిక్స్ వైపు ఉండే మనవాళ్ళు చుట్టాలొస్తే ముందు తీసుకెళ్ళేది ఇక్కడికే, కార్లో రెండు గంటలు. అందరూ ఎర్ర కొండల ముందు ఫోటోలు దిగి వచ్చేస్తారు, మనం మాత్రం ఆ కొండల్ని చదువుదాం.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే, రంగుని నమ్మకూడదు. ఆ ఎరుపంతా ఇసుక రేణువుల మీద పల్చటి పూతలా పట్టిన ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పే అనుకోండి, రాయిలో ఇనుము నిజానికి చాలా తక్కువ. నీళ్ళు పారి ఆ పూత కొట్టుకుపోయిన చోట అదే పొర తెల్లగా కనిపిస్తుంది. అందుకని ముందు ఆకారం చూడాలి, తర్వాత రాతిలో గీతలు, రంగు చివర్లో.

పొద్దున్నే బెల్ రాక్ దగ్గరికి వెళ్ళండి, 179 రోడ్డు పక్కనే పార్కింగ్, రెడ్ రాక్ పాస్ కొని కార్లో కనిపించేలా పెట్టాలి, ఆలస్యం చేస్తే చోటు దొరకదు. ఎక్కడానికి తొందరపడకుండా దూరంగా నిలబడి నోట్‌బుక్‌లో కొండ అంచు గీత మాత్రం గీయండి. ఎక్కడ నిటారుగా ఉంది, ఎక్కడ వాలుగా ఉంది, ఎక్కడ మెట్టులా ఆగింది, అంతే, బొమ్మ బాగా రావక్కర్లేదు. గట్టి ఇసుకరాయి నిటారుగా నిలబడుతుంది, బంకమట్టి ఎక్కువున్న మెత్తటి రాయి అరిగిపోయి వాలు అవుతుంది. ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు పేర్లు. అట్టడుగున ముదురు ఎరుపులో వాలుగా ఉండేది హెర్మిట్ పొర, ఊరు చాలా వరకు దీని మీదే ఉంది. దాని పైన నారింజ ఎరుపు గోడలు ష్నెబ్లీ హిల్ పొర, సెడోనా అందమంతా ఇదే, వయసు సుమారు 28 కోట్ల ఏళ్ళు. ఈ గోడల మధ్యలో సన్నటి బూడిదరంగు పట్టీ ఒకటి కొండల వెంట మెట్టులా సాగుతుంది, అది ఫోర్ట్ అపాచీ సున్నపురాయి, మన తాండూరు బండల జాతిదే. ఎడారి ఇసుక మధ్యలో సున్నపురాయి ఎలా వచ్చిందంటే కొన్నాళ్ళు సముద్రం లోపలికి వచ్చి వెళ్ళింది కాబట్టి. నాకైతే సెడోనాలో చూడాల్సింది ఆ పట్టీయే, జనం దాన్ని వదిలేసి వోర్టెక్స్ ఎనర్జీ, అంటే ఇక్కడ కొన్ని చోట్ల ఏదో శక్తి సుడులు తిరుగుతుందని కొందరి నమ్మకం, అది ఎక్కడుందా అని వెతుకుతుంటారు, సరే ఎవరి ఇష్టం వాళ్ళది.

ష్నెబ్లీ పైన లేత గోధుమ రంగు గోడ కొకొనీనో ఇసుకరాయి. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి, గీతలు అడ్డంగా కాకుండా షెల్ఫులో ఒక పక్కకి ఒరిగిన పుస్తకాల్లా ఏటవాలుగా ఉంటాయి. గాలికి ఇసుక దిబ్బలు ముందుకి జరుగుతూ, వాలు వైపు జారిన ఇసుక పొర మీద పొర పడితే ఇలాంటి గీతలొస్తాయి. ష్నెబ్లీలోనూ కొన్ని చోట్ల ఇవి కనిపిస్తాయి కాబట్టి గీతలొక్కటే చూసి పేరు పెట్టేయొద్దు, ఆ రాయి ఎన్నో మెట్టులో ఉందో కూడా చూసుకోవాలి.

గోడల మీద నల్లటి చారలు చూసి కొత్త పొర అనుకునేరు. అవి పైపూత, మాంగనీస్, ఇనుము, బంకమట్టి కలిసి వేల ఏళ్ళలో పట్టేది.

మధ్యాహ్నం 1956లో కట్టిన హోలీ క్రాస్ చాపెల్, చర్చి ఎర్ర రాతిలోంచే లేచినట్టుంటుంది, లోపల పెద్ద కిటికీలోంచి కొండల వరస ఒకేసారి కనిపిస్తుంది కాబట్టి పొద్దున గీసిన బొమ్మతో పోల్చుకోడానికి బాగుంటుంది. తర్వాత 89ఏ రోడ్డు మీద ఓక్ క్రీక్ లోయలోకి వెళ్ళండి. ఈ లోయ ఒక భ్రంశం, అంటే నేల విరిగి ఒక పక్క కిందికి జరిగిన పగులు, దాని వెంట తెగింది, అందుకే తూర్పు అంచు పడమటి అంచు కన్నా కిందికి ఉంటుంది, పై నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. పిల్లలుంటే వాగులో రాళ్ళ మీద జారి ఆడుకునే స్లయిడ్ రాక్ దగ్గర ఆగక తప్పదు, నాచుతో రాయి బాగా జారుతుంది జాగ్రత్త. జులై నుంచి సెప్టెంబర్ దాకా వానల సీజన్, పైన ఉరిమితే నీళ్ళలోంచి బయటికి వచ్చేయండి.

సాయంత్రం ఎయిర్‌పోర్ట్ మీసా, మీసా అంటే పైన బల్లలా చదునుగా ఉండే కొండ. సూర్యాస్తమయం కోసం ఒక్క నిమిషానికి కాకుండా గంట ముందే వెళ్ళాలి, ఎందుకంటే ఏటవాలు ఎండలో ప్రతి మెట్టు కిందా నీడ పడి మధ్యాహ్నం కనపడని పొరలు కూడా విడివిడిగా తెలుస్తాయి.

హోంవర్క్: కెథడ్రల్ రాక్ ఫోటో ఒకటి తీసుకుని, బ్లాక్ అండ్ వైట్ చేసి, మెట్లు, వాలు, గోడలు గుర్తుపెట్టండి. వచ్చే భాగం గ్రాండ్ కాన్యన్, అక్కడ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) దగ్గర హెర్మిట్ మీద నేరుగా కొకొనీనోయే కూర్చుంటుంది, మధ్యలో మన ష్నెబ్లీ ఉండదు. ఎందుకై ఉంటుందో ఈలోపు ఆలోచించి ఒక ముక్క రాసిపెట్టుకోండి.