మూలనపడ్డ రాజ్‌దూత్ 350ని మళ్లీ స్టార్ట్ చేయడం ఎలా?

పదేళ్లో ఇరవయ్యేళ్లో షెడ్డులో కదలకుండా ఉన్న రాజ్‌దూత్ 350 చేతికొస్తే ఎవరికైనా ముందు ఒక కిక్ కొట్టి చూడాలనిపిస్తుంది. దయచేసి కొట్టకండి. ఇది టూస్ట్రోక్ ఇంజిన్. ఫోర్‌స్ట్రోక్ బండిలోలా క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) చుట్టూ నూనె తిరుగుతూ ఉండదు. పెట్రోలుతో పాటు లోపలికి వెళ్లే కొద్దిపాటి టూటీ ఆయిలే (టూస్ట్రోక్ బండ్లకు వాడే నూనె) పిస్టన్‌కీ, రింగులకీ, క్రాంక్ బేరింగులకీ దిక్కు. ఏళ్ల తరబడి ఆగిపోయిన బండిలో ఆ నూనె పొర ఎండిపోయి ఉంటుంది, తేమకు సిలిండర్ గోడకి తుప్పు పట్టి ఉండొచ్చు. అప్పుడు కొట్టిన ఒక్క కిక్కుతో రింగు విరగొచ్చు, బోరు (సిలిండర్ లోపలి గోడ) మీద గీత పడొచ్చు. తర్వాత ఎంత ఖర్చు పెట్టినా ఆ గీత మాయం కాదు. కొత్తగా బోరు చేయించుకోవాల్సిందే.

జపాన్‌లో యమహా 1973లో ఆర్‌డీ350ని తెచ్చింది. దాని లైసెన్సుతో ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి మన దేశంలో అమ్మిన బండే రాజ్‌దూత్ 350. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, గాలితోనే చల్లబడే ఇంజిన్. జపాన్ బండి 39 బీహెచ్‌పీ ఇస్తే, మైలేజీ కోసం తగ్గించిన మన హై టార్క్ మోడల్ సుమారు 30.5, తర్వాత వచ్చిన లో టార్క్ 27 ఇచ్చేవి. అయినా ఆ రోజుల్లో మన రోడ్ల మీద దానికి సాటి వచ్చే బండి లేదు. ఎనభైల చివరికల్లా తయారీ ఆగిపోయింది. అందుకే మిగిలిన ప్రతి బండినీ జాగ్రత్తగా చూసుకోవాలంటాను.

ముందు కాగితాలు

పానా పట్టుకునే ముందు ఆర్‌సీ చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు తుడిచి ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం అక్షరం పోల్చండి. మధ్యలో ఇంజిన్ మార్చిన బండ్లు చాలానే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగిసి, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆగిపోయిన బండికి సాధారణంగా అది మిగిలిపోయి ఉంటుంది, గ్రీన్ ట్యాక్స్ కూడా కట్టాల్సి రావచ్చు. కొందరు వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామనుకుంటారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటితేనే అది కుదురుతుంది. ఈ మోడల్లో అన్నిటికంటే పాత బండికి కూడా 2033 వరకు ఆ అవకాశం లేదు. కాగితాలు తేలకుండా ఇంజిన్ మీద డబ్బు పోయొద్దు.

ఇంజిన్ తిరుగుతుందా లేదా?

రెండు ప్లగ్గులూ తీసి, ఏది ఏ సిలిండర్‌దో గుర్తుపెట్టుకుని పక్కన పెట్టండి. ఒక్కో ప్లగ్గు రంధ్రంలోంచి రెండు మూడు చెంచాల టూటీ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, టాప్ గేర్‌లో వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపండి. కిక్కు కంటే చక్రం మేలు, ఎందుకంటే ఎక్కడ పట్టుకుంటోందో చేతికి తెలుస్తుంది.

కదలకపోతే బలం పెట్టకండి. తుప్పు వదిలించే నూనె సిలిండర్లలో నింపి, రోజూ కాస్త ఊపుతూ వారం దాకా చూడండి. పిస్టన్ మీద కర్ర పెట్టి సుత్తితో కొట్టడం చాలా షెడ్లలో చూస్తాం. అల్యూమినియం పిస్టన్‌కు అది చాలు పగలడానికి. అప్పటికీ రాకపోతే హెడ్ విప్పి, పైనుంచి తుప్పు తీసి, సిలిండర్‌ను మెల్లగా పైకి లాగడమే మార్గం.

తిరిగితే సంతోషమే, కానీ ఎలా తిరుగుతోందో వినండి. అడుగు నుంచి గరగర వినిపిస్తే క్రాంక్ బేరింగుల్లో తుప్పు గుంటలు పడ్డాయన్నమాట. ఈ క్రాంక్ ముక్కల్ని ప్రెస్‌తో బిగించి చేసింది. దాన్ని విప్పి, కొత్త రాడ్లు, బేరింగులు వేసి, మళ్లీ సరిగ్గా వరస కుదర్చడం అందరు మెకానిక్‌లూ చేసే పని కాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మంచి లేత్ షాపులున్నాయి. క్రాంక్ ఇచ్చే ముందు, వరస కుదిరిందని డయల్ గేజ్ (సన్నటి తేడాలు కొలిచే ముల్లు మీటరు) పెట్టి చూపిస్తారా అని అడగండి. చూపించనంటే వేరే షాపు చూసుకోండి.

సీల్స్: అసలు ప్రాణం ఇక్కడే

ఈ బండి స్టార్ట్ కావడం పెద్ద కష్టం కాదు. స్టార్ట్ అయ్యాక బతకడమే కష్టం. అది క్రాంక్ సీల్స్ మీద ఆధారపడి ఉంటుంది.

టూస్ట్రోక్‌లో పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు క్రాంక్ గది గాలినీ పెట్రోలునీ లోపలికి లాగుతుంది, కిందికి వచ్చేటప్పుడు ఆ మిశ్రమాన్ని పైకి నెడుతుంది. ఆ గది చుట్టూ గాలి చొరబడకూడదు. క్రాంక్ రెండు చివర్లా ఉన్న రబ్బరు సీల్స్ చేసేది ఆ పనే. నిలబడిపోయిన బండిలో వాటి పెదవి ఎండి బిరుసెక్కుతుంది. ఎడమ వైపు, ఆల్టర్నేటర్ ఉన్న చోట, సీల్ పోతే బయటి గాలి లోపలికి వస్తుంది. మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, దానితో వచ్చే నూనె కూడా తగ్గుతుంది. పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది, అంటే సీజ్ అవుతుంది. వేగంలో ఉండగా అలా జరిగితే వెనక చక్రం పట్టేసి మనిషి పడిపోతాడు. కుడి వైపు, క్లచ్ ఉన్న చోట, సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగేసుకుని తెల్లటి దట్టమైన పొగ వస్తుంది, గేర్ ఆయిల్ మట్టం తగ్గిపోతూ ఉంటుంది.

ఊహించాల్సిన పని లేదు, కొలవొచ్చు. కార్బురేటర్లు, సైలెన్సర్లు తీసేసి ఆ దారులన్నీ రబ్బరు బిరడాలతో గట్టిగా మూయండి. ప్లగ్గులు బిగించండి. ఒక బిరడాకు చిన్న గొట్టం, గేజ్ పెట్టి చేతి పంపుతో ఆరు పీఎస్ఐ దాకా గాలి ఎక్కించండి. అంతకంటే బాగా ఎక్కువ పెడితే బాగున్న సీల్ కూడా ఊడిపోతుంది. ఆరు నిమిషాల్లో ముల్లు దాదాపు కదలకపోతే మంచిది. దిగుతుంటే సబ్బు నీళ్లు రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడండి. సిలిండర్ అడుగు గాస్కెట్, రీడ్ వాల్వ్ (మిశ్రమాన్ని లోపలికి మాత్రమే వదిలే రేకు తలుపు) చుట్టూ, ఎడమ కవరు తీసి సీల్ దగ్గర. బయట ఎక్కడా బుడగ లేకున్నా ముల్లు దిగుతుంటే గేర్‌బాక్సు గాలి గొట్టం దగ్గర చూడండి. అక్కడ వస్తే పోయింది కుడి సీల్.

ఇరవయ్యేళ్లు నిలబడ్డ బండికి పరీక్షలో పాసైనా సీల్స్ మార్చించమనే చెబుతాను. వేడి తగిలాక ఎండిన రబ్బరు ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు. మధ్య బేరింగులు, వాటితో ఉండే సీల్ చూడాలంటే ఎలాగూ ఇంజిన్ విప్పాలి, అన్నీ ఒకేసారి అయిపోతాయి.

ట్యాంకు, కార్బురేటర్లు

పాత పెట్రోలు వాసన చూస్తేనే తెలుస్తుంది, వార్నిష్‌లా ఘాటుగా ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేయండి, కొత్తదానిలో కలపకండి. ట్యాంకు లోపల తుప్పుంటే పెట్రోలు కాక్ విప్పి ఆ రంధ్రం మూసి, లీటరు వేడినీళ్లకు వంద గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి నిండా పోసి రాత్రంతా ఉంచండి. పెయింటు మీద పడకుండా చూసుకోండి. తీశాక వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, వెంటనే కాస్త పెట్రోలు, టూటీ ఆయిల్ కలిపి లోపలంతా తడిసేలా తిప్పండి. ఇది వదిలేస్తే గంటలోనే మళ్లీ ఎర్రటి పొర వస్తుంది.

కార్బురేటర్లు రెండూ మికునీ రకమే. వాటిని ఒకదాని తర్వాత ఒకటి విప్పండి, భాగాలు కలిసిపోకూడదు. పైలట్ జెట్ (ఐడిల్‌లో పెట్రోలు పంపే చిన్న గొట్టం) రంధ్రం వెంట్రుకంత సన్నం, నూటికి తొంభై సార్లు మూసుకుపోయేది అదే. తీగతో పొడిచి పెద్దది చేయకండి, కార్బ్ క్లీనర్ కొట్టి గాలి ఊదండి. రబ్బరు భాగాలన్నీ కొత్తవి వేయండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఎనభైల్లో చేసిన రబ్బరు దానికి తట్టుకోదు, ఉబ్బిపోతుంది. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి, బండి వారం మించి నిలిపేటప్పుడు పెట్రోలు కాక్ మూసి, కార్బురేటర్ల అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెల్లో ఉన్నది ఖాళీ చేసే అలవాటు చేసుకోండి. ఇంజిన్‌కూ కార్బురేటర్‌కూ మధ్య ఉండే రబ్బరును వంచి చూడండి, సన్నటి పగుళ్లున్నా మార్చాల్సిందే.

ఎయిర్‌బాక్సు తెరవండి. ఎలుకలు గూడు కట్టుకోవడం, కందిరీగలు సైలెన్సర్ చివర మట్టి గూడు పెట్టడం మన దగ్గర మామూలే.

ఆటోల్యూబ్ పంపు

పక్కనున్న నూనె ట్యాంకు నుంచి టూటీ ఆయిల్‌ను కావలసినంత కొలిచి ఇంజిన్‌కు పంపే చిన్న పంపు ఇది, కుడి వైపు కవరు కింద ఉంటుంది. పాత నూనె జిగురుగా మారి ఉంటుంది. ట్యాంకు కడగండి, గట్టిపడిన గొట్టాలన్నీ మార్చండి. కొత్త నూనె పోశాక పంపు మీది గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగలు పూర్తిగా ఆగేదాకా నూనె కారనివ్వండి. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా ఆ సిలిండర్‌కు కొంతసేపు నూనె అందదు. ఎక్సలరేటర్ కేబులుతో పాటు పంపు కేబులు కూడా కదులుతుందో లేదో, గుర్తులు కలుస్తున్నాయో లేదో చూడండి.

ఇంత చేసినా మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకు ముప్పై మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపే పోయండి. పంపు పనిచేస్తోందని నమ్మకం కుదిరేదాకా ఇది భద్రత. పొగ ఎక్కువ వస్తుంది, ప్లగ్గులు కాస్త నల్లబడతాయి. పిస్టన్ పోయేకంటే నయం.

కరెంటు

బ్యాటరీ బలహీనంగా ఉంటే ఎన్ని కిక్కులు కొట్టినా స్పార్క్ రాదు. ఈ బండి ఇగ్నిషన్ బ్యాటరీ మీదే నడుస్తుంది. పాత బ్యాటరీని చార్జ్ చేసి బతికించే ప్రయత్నం వద్దు, కొత్త 12 వోల్టుల బ్యాటరీ వేయండి. ఫ్యూజు, తీగల చివర్లు, ఎర్త్ కనెక్షన్ల మీది చిలుము గీకి తీయండి.

ఒక్కో సిలిండర్‌కు ఒక్కో జత పాయింట్లు (స్పార్క్ రావాల్సిన క్షణంలో కరెంటును తెంపే స్విచ్చులు). వాటిని సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, తెల్ల కాగితం మధ్యలోంచి లాగి తుడిచి, 0.3 నుంచి 0.4 మి.మీ. గ్యాప్ పెట్టండి. టైమింగ్ ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి కుదర్చాలి, అంచనా మీద కాదు. ముందే కొట్టే స్పార్క్ పిస్టన్‌ను కాలుస్తుంది. కండెన్సర్లు కొత్తవి వేయడం మంచిది. ప్లగ్గులు ఎన్‌జీకే బీ8హెచ్ఎస్. బయట తీసి కిక్ కొడితే రెండింటికీ నీలం రంగు స్పార్క్ కనిపించాలి. ఆ సమయంలో దగ్గర్లో పెట్రోలు ఉండకూడదు.

బ్రేకులు, టైర్లు

జపాన్ బండికి ముందు డిస్క్ ఉండేది, మన రాజ్‌దూత్‌కు డ్రమ్మే. వేగానికి తగ్గ బ్రేకు కాదని అప్పట్లోనే చెప్పుకునేవారు. పాత షూలకు అతికించిన లైనింగ్ ఊడిపోతుంది, కొత్తవి వేయండి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. పైన గాళ్లు ఎంత బాగున్నా పదేళ్లు దాటిన టైరు మీద ఈ బండి నడపొద్దు. క్లచ్, బ్రేకు కేబుళ్లు, చైను కూడా చూడండి.

మొదటి స్టార్ట్

గేర్ ఆయిల్ మార్చారా, హెడ్ నట్లు బిగించారా మరోసారి చూసుకుని బండిని ఆరుబయట పెట్టండి. పక్కన మంటలార్పే సిలిండర్ ఉంచండి. ఇగ్నిషన్ ఆపి, ప్లగ్గులు తీసి పది పన్నెండు కిక్కులు మెల్లగా కొట్టండి, అడుగున చేరిన నూనె బయటికి వస్తుంది. ప్లగ్గులు బిగించి, పెట్రోలు కాక్ తెరిచి, చోక్ లాగి, ఎక్సలరేటర్ ముట్టకుండా కొట్టండి.

స్టార్ట్ అవగానే పొగ చూసి టెన్షన్ పడొద్దు, మీరు పోసిన నూనే కాలుతోంది. ఎక్సలరేటర్ వదిలినా ఇంజిన్ తనంతట తాను రేజ్ అవుతూ పోతే మాత్రం గాలి లీకుంది. కీ ఆపండి. అప్పటికీ ఆగకపోతే కార్బురేటర్ గాలి దారి దళసరి గుడ్డతో మూసేయండి. సరిగ్గా ఉంటే రెండు సైలెన్సర్ల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, వచ్చే గాలి సమానంగా ఉండాలి. మూడు నాలుగు నిమిషాలు చాలు, ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. హెడ్ నట్లు ఎదురెదురుగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటిగా మళ్లీ బిగించండి. ఇలా రెండు మూడు సార్లు వేడెక్కించి చల్లార్చాకే రోడ్డెక్కాలి.

కొత్త పిస్టన్లు వేయించి ఉంటే మొదటి ఐదొందల కిలోమీటర్లు మూడు నాలుగు వేల ఆర్‌పీఎమ్ దాటించకండి, ఒకే వేగంలో ఎక్కువసేపు పోకండి. రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచండి. ఇంజిన్ గొంతు ఒక్కసారిగా బరువెక్కినట్టు అనిపిస్తే ఆ క్షణమే క్లచ్ నొక్కేయాలి. ప్రతి యాభై కిలోమీటర్లకు ఆగి ప్లగ్గులు తీసి చూడండి. గోధుమ రంగులో ఉంటే సరే. ఒకటి తెల్లగా, రెండోది నల్లగా ఉంటే రెండు కార్బురేటర్ల స్లైడ్లు సమానంగా లేవట్లేదు. రెండూ తెల్లబడితే ఇంకో కిలోమీటరు కూడా నడపకుండా గాలి లీకు పరీక్ష మళ్లీ చేయండి.