అపార్ట్‌మెంట్ సమస్య తేల్చడానికి నలుగురైదుగురు ఎలా కూర్చోవాలి?

రాత్రి నింపిన ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ అవుతోంది అనుకోండి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఎన్ని మెసేజ్‌లు పడ్డా లాభం లేదు, అక్కడ ఫిర్యాదు చేసేవాళ్లే తప్ప తేల్చేవాళ్లుండరు. ఐదుగురిని కూర్చోబెట్టండి. ఆరో మనిషి వద్దు, వచ్చాడంటే పక్కవాళ్లతో గుసగుసలు మొదలు. ఆ ఐదుగురిలో వాచ్‌మన్ ఉండి తీరాలి. కాగితాలు, పెన్నులు, ఓ గంట టైము చాలు.

ముందు సమస్యను ఒక్క వాక్యంలో రాయండి. "నీళ్ల ప్రాబ్లం" అని కాదు, "రాత్రి 10కి నిండిన ట్యాంకు పొద్దున 5కి ఎందుకు ఖాళీ అవుతోంది?" అని.

ఇక అసలు పని, అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఎవరూ నోరు తెరవకముందే పది నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లు రాయాలి: కంటితో చూసింది ఒక పక్క, అనుమానం ఇంకో పక్క. పక్కవాళ్ల కాగితంలోకి తొంగి చూడొద్దు. "ఇదేం పరీక్షా?" అని నవ్వుతారు, నవ్వనివ్వండి. ప్రెసిడెంటుగారు "బోరు ఎండిపోయింది" అని ఒక్క ముక్క అన్నారంటే మిగతా గంటంతా కొత్త బోరు ఎక్కడ వేయాలన్న దాని మీదే పోతుంది. 1958లో యేల్ యూనివర్సిటీలో పరీక్షించి చూశారు కూడా: కలిసి కూర్చుని ఐడియాలు చెప్పుకున్న నలుగురికంటే, విడివిడిగా ఆలోచించిన నలుగురివి కలిపితేనే ఎక్కువ వచ్చాయి. అందుకే "అందరం కలిసి బ్రెయిన్‌స్టార్మింగ్ చేద్దాం" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

రాసింది పైకి చదవడం చిన్నవాళ్లతో మొదలుపెట్టండి, ప్రెసిడెంటుగారిది ఆఖర. వాచ్‌మన్‌కి రాయడం రాకపోతే ఆయన చెప్పింది ముందే ఒకరు రాసిపెట్టాలి, లేదంటే "నీకేం తెలుసయ్యా" అన్న చూపు ఒక్కటి చాలు, ఇంక మాట్లాడడు. అందరికీ తెలిసిందే మళ్లీ మళ్లీ మాట్లాడుకుని, ఒక్కరికే తెలిసింది బయటికి రాకుండా లేచిపోతారు; స్టాసర్, టైటస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1985లో చూపించింది ఇదే. వానే లేని రాత్రి వాన గొట్టంలో నీళ్లు జారుతున్న చప్పుడు వాచ్‌మన్ తప్ప ఎవరు వింటారు?

వచ్చిన అనుమానాల్లో ఈ రాత్రే, పైసా ఖర్చు లేకుండా చూడగలిగినదాన్ని ముందు పట్టుకోండి. ఫ్లాట్లకు వెళ్లే వాల్వులన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి (అందరికీ ముందే చెప్పండి, లేకపోతే అర్ధరాత్రి బాత్‌రూముల్లోంచి ఫోన్లొస్తాయి). పొద్దునకి మట్టం దిగితే తప్పు ట్యాంకు దగ్గరే, దిగకపోతే ఫ్లాట్ల లైన్లలో. వాల్వులు ఎవరు కట్టాలో, 5కి పైకెక్కి ఎవరు చూడాలో పేర్లతో రాసి లిఫ్టు పక్కన అంటించండి.