అన్నదొకటి, విన్నదొకటి: అపార్థమైన మాటను సరిదిద్దడం ఎలా?

గృహప్రవేశానికి పిలుస్తూ బాబాయితో ఫోన్‌లో "ఓపిక లేకపోతే రాకపోయినా పర్లేదు లెండి" అన్నారనుకోండి. ఆయన మోకాళ్ల నొప్పులు తలచుకుని అన్న మాట. ఆయన చెవికి మాత్రం "రాకండి" అని వినిపించింది. "సరేలే, మీరు చేసుకోండి" అని పెట్టేశారు. "సరే"కీ "సరేలే"కీ ఎంత తేడా ఉందో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కణ్నుంచి చాలామంది పుండు మీద కారం చల్లుతారు. అలా కాకుండా ఏం చేయాలో చూద్దాం.

కావలసినవి: ఒక ఫోను, పది నిమిషాల తీరిక, పక్కన ఎవరూ లేని గది. స్పీకర్ ఆన్ చేసి ఇంట్లోవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకోవద్దు. అవతలివాళ్లు ఇట్టే పసిగడతారు.

మొదట, మీరన్న మాటను అన్నది అన్నట్టు కాగితం మీద రాయండి. మనసులో ఉన్నది రాయకండి, నోట్లోంచి వచ్చింది రాయండి. సగం మందికి తప్పెక్కడ జరిగిందో ఇక్కడే తెలిసిపోతుంది. పై మాటలో పని చెడగొట్టింది చివరి "లెండి".

తర్వాత, ఆ రోజే మాట్లాడండి. సాయంత్రం, వాళ్ల టీ అయ్యాక. రాత్రి తొమ్మిది దాటితే వద్దు, మర్నాడు పొద్దున చేయండి. మూడు రోజులు ఆగితే ఆ మాట నలుగురి నోళ్లలో నాని, తోకా తొండమూ తెచ్చుకుంటుంది.

ఫోనే చేయాలి. వాట్సాప్‌లో పెట్టిన మాటను 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు గానీ, దిద్దినట్టు గుర్తు పడుతుంది. అందరికీ కనిపించకుండా తీసేసినా, తీసేశారన్న ముక్క అక్కడే వేలాడుతుంది. అప్పటికే చదివిన మనిషికి అదో కొత్త అనుమానం. వాయిస్ మెసేజ్ అసలొద్దు, దాన్ని పదిమందికీ వినిపిస్తారు. ఇక పిన్నితోనో అత్తయ్యతోనో చెప్పించే పద్ధతి ఒకటుంది. పెద్దమనుషుల పద్ధతి అని పేరు గానీ, మధ్యలో మనిషి తన మాట కూడా ఒకటి కలపకుండా ఉండడు. అపార్థం ఒకటుంటే రెండవుతాయి.

ఇప్పుడు అసలు కష్టం: ఏం చెప్పాలి, ఏ వరసలో చెప్పాలి.

అందరూ "నా ఉద్దేశం అది కాదు" అని మొదలుపెడతారు. అక్కడే చెడుతుంది. ఆ మాటకు అవతలివాళ్లకు వినిపించే అర్థం "తప్పు మీ చెవులది" అని. "మీరు తప్పుగా అర్థం చేసుకున్నారు" అంటే ఇంకా ఘోరం. "సరదాకి అన్నాను" అంటే వాళ్లకు సరదా తెలియదని తేల్చినట్టు. "చెప్పాను కదా", "అన్నానుగా" అన్నవి పూర్తిగా మానేయండి. వాటిలో దెప్పిపొడుపు ఉంది. అన్నిటికంటే మోసకారి మాట "బాధపడి ఉంటే సారీ". ఆ "ఉంటే" ఉన్నంతసేపూ అది క్షమాపణ కాదు. బాధపడ్డారో లేదో ఇంకా విచారిస్తున్నారన్నమాట.

వరస ఇది: ముందు మీరన్న మాట, తర్వాత అది ఎలా వినిపించిందో, ఆ తర్వాతే ఎందుకన్నారో, చివర ఇప్పుడేం కావాలో.

"బాబాయ్, పొద్దున రాకపోయినా పర్లేదన్నాను. పిలుస్తూనే వద్దన్నట్టుంది ఆ మాట, నాదే తప్పు. కొత్తింటికి లిఫ్ట్ ఇంకా పెట్టలేదు, మీ మోకాళ్లు గుర్తొచ్చి అలా అన్నాను. మీరు రావాలి బాబాయ్."

కారణం ఒక్కటే చెప్పండి. అదీ వాళ్లకు ముందే తెలిసినదో, కళ్లతో చూడగలిగినదో అయి ఉండాలి: మోకాళ్లు, లిఫ్టు లేని మెట్లు. రెండో కారణం చెబితే సంజాయిషీ, మూడోది చెబితే అబద్ధంలా ఉంటుంది. తప్పు ఒప్పుకున్నాక "కానీ" రాకూడదు. "నాదే తప్పు, కానీ..." అనగానే ముందన్నదంతా కొట్టుకుపోతుంది. పాత సంగతులు కూడా తవ్వకండి, "పోయిన సంక్రాంతికి మీరు మాత్రం..." అన్నారంటే ఫోను చేయకపోయినా బాగుండేది. ఇంకొకటి: నిజంగా కాస్త కోపంతోనే అన్న మాటైతే ఈ పద్ధతి వాడొద్దు. లేని మంచి ఉద్దేశాన్ని అతికిస్తే దొరికిపోతారు. నేరుగా "కోపంలో అన్నాను, అనకూడదు" అని ఊరుకోండి.

చెప్పాక నోరు కట్టుకోండి. అవతల నిశ్శబ్దం భయపెడుతుంది, పదిదాకా లెక్కపెట్టండి. ఆయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి, రెండు మాటలు అననివ్వండి. "అయ్యో, నేనేమీ అనుకోలేదురా" అంటే నమ్మేసి నవ్వేయకండి. "అనుకున్నా పర్లేదు బాబాయ్, అన్నది నేనే కదా" అంటే చాలు.

మాట ఫ్యామిలీ గ్రూపులో జరిగి ఉంటే, ఫోన్ అయ్యాక అక్కడ ఒక్క లైను పెట్టండి: "బాబాయీ పిన్నీ తప్పకుండా వస్తున్నారు." వివరణలు అక్కడొద్దు.

మిగిలింది పిలుపు. ఫోన్లో పిలిచినది లెక్కలోకి రాదు. ఇంటికెళ్లి పిన్నికి బొట్టు పెట్టి, శుభలేఖ బాబాయి చేతికివ్వండి. ఫోను సంగతి మళ్లీ ఎత్తొద్దు. కారు ఎన్నింటికి వస్తుందో, మెట్ల దగ్గర చెయ్యందించడానికి ఎవరుంటారో చెప్పి, కాఫీ తాగి రండి.