బిలవెడ్‌తో మొదలుపెట్టకండి

నేను చేసిన పొరపాటు ముందే చెప్పేస్తాను. 1993లో నోబెల్ అందుకున్న రచయిత్రి కదా అని, టోనీ మారిసన్ ‘బిలవెడ్’ పట్టుకుని ఆఫ్రికన్ అమెరికన్ సాహిత్యంలోకి దిగాను. నవల మొదలవడమే ఇంటి నంబరుతో: 124. ఆ ఇంటి నిండా కసి ఉందట. ఇంటికి కసేమిటి, చనిపోయిన పాప ఎవరు, ఏది ఎప్పుడో జరిగింది, ఏది ఇప్పుడు జరుగుతోంది? ఒక్కటీ అందలేదు. మూడుసార్లు తెరిచి మూడుసార్లూ యాభై పేజీల లోపే మూసేశాను.

ఇప్పుడు ఎవరడిగినా, బానిసగా పుట్టి పారిపోయి బయటపడ్డ ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ చేతిలో పెడతాను. 1845లో వచ్చిన మొదటిది, సన్నటి పుస్తకం. (తర్వాత ఆయనే పెద్దవి ఇంకో రెండు రాశాడు, వాటి జోలికి ఇప్పుడే వెళ్ళకండి.) ముందున్న పీఠికనీ ఉత్తరాన్నీ దాటేసి నేరుగా మొదటి అధ్యాయానికి పోండి. ఆ రెండూ బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలోని తెల్లవాళ్ళు రాసినవి. ఒక బానిస ఇంత బాగా రాశాడంటే నమ్మని రోజుల్లో పూచీకత్తులన్నమాట. చివర్లో చదువుకోవచ్చు.

అందులో చదువు నేర్చుకునే ఘట్టం దగ్గర మాత్రం తొందరపడకండి. బాల్టిమోర్‌లో యజమానురాలు పిల్లవాడికి ఎ, బి, సి నేర్పడం మొదలుపెడుతుంది. వీడికి చదువొస్తే ఇక బానిసగా పనికిరాడని మొగుడు ఆపిస్తాడు. ఆ మాట విన్న క్షణాన కుర్రాడికి దారి తెలిసిపోతుంది. బజారు పనికి వెళ్ళినప్పుడల్లా ఇంట్లోంచి రొట్టె పట్టుకెళ్ళి, వీధిలో ఆకలితో తిరిగే తెల్లపిల్లలకు పెట్టి, బదులుగా పాఠం చెప్పించుకుంటాడు. ఆ పిల్లల పేర్లు మాత్రం పుస్తకంలో రాయడు. రాస్తే వాళ్ళకు ఇబ్బంది. తను ఎలా పారిపోయాడో కూడా అందులో చెప్పడు, ఆ దారిన రావలసినవాళ్ళు వెనక ఇంకా ఉన్నారు కనుక. ఈ సాహిత్యంలో రాయకుండా వదిలినవి కూడా చదవాలని నాకు మొదట తెలిసింది ఇక్కడే.

వెంటనే రిచర్డ్ రైట్ ఆత్మకథ ‘బ్లాక్ బాయ్’ (1945) తీయండి. కాలక్రమం తప్పుతుంది, తప్పనివ్వండి. డగ్లస్ రొట్టె పెట్టి అక్షరాలు కొన్న వందేళ్ళకు, 1920ల మెంఫిస్‌లో ఇంకో నల్ల కుర్రాడు ఒక తెల్లాయన లైబ్రరీ కార్డు అడిగి తీసుకుని, ఈ అబ్బాయికి పుస్తకాలివ్వండని ఆయన రాసినట్టే దొంగ చీటీ రాసి పట్టుకెళ్తాడు. చీటీలో తన జాతిని తనే తిట్టుమాటతో రాసుకుంటాడు, అనుమానం రాకూడదని. ఈ రెండు ఘట్టాలూ పక్కపక్కన పెట్టి చదివితే ఏ చరిత్ర పాఠమూ అక్కర్లేదు.

హేరియట్ జేకబ్స్ ఆత్మకథ (1861) కూడా ఈ వరసలోనే చదవండి. యజమాని నుంచి తప్పించుకుని, అమ్మమ్మ ఇంటి పైకప్పు కింద, ఎత్తైన చోటే మూడడుగులున్న అరలో దాదాపు ఏడేళ్ళు దాక్కున్న మనిషి. చేతికి దొరికిన చిన్న బరమాతో చెక్కకు బెజ్జాలు పెట్టి, వాటిలోంచి కింద తిరిగే తన పిల్లల్ని చూసుకునేది.

ఒక బానిస కుటుంబపు తరాల కథ, అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’లో చదివి ఉంటే ఈ మెట్టు మీకు సగం ఎక్కినట్టే.

బరువెక్కిందనిపిస్తే లాంగ్‌స్టన్ హ్యూస్ కవితలకు రండి. ‘ద నీగ్రో స్పీక్స్ ఆఫ్ రివర్స్’ (1921) ఒక పేజీ కూడా ఉండదు. ఆ పేరులోని మాట అప్పట్లో మర్యాదైనదే, ఇప్పుడు మనం వాడకూడదు. ఆయన ‘హార్లెమ్’ కవితలోని ఎండిన ద్రాక్షనే లొరైన్ హాన్స్‌బెరీ తన నాటకానికి పేరుగా పెట్టుకుంది: ‘ఎ రెయిజిన్ ఇన్ ద సన్’. 1959లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వే ఎక్కింది. షికాగోలో ఇరుకింట్లో ఉంటున్న కుటుంబానికి పదివేల డాలర్ల ఇన్సూరెన్సు చెక్కు వస్తుంది, దాంతో ఏం చేయాలన్నదే తగాదా. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

జోరా నీల్ హర్‌స్టన్ నవల ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ (1937) దగ్గర చాలామంది జారిపోతారు. సంభాషణలన్నీ ఫ్లోరిడా నల్లవాళ్ళ యాసలో, వినబడినట్టే రాసింది. ‘ఐ’ ఉండాల్సిన చోట ‘ఆ’, ‘దట్’ బదులు ‘డాట్’. కళ్ళతో చదివితే తలనొప్పి. తలుపేసుకుని పైకి చదవండి. పది పేజీలకల్లా చెవికి పడుతుంది. యాస సరిగా పలికే వాచకులు దొరికితే ఆడియో పుస్తకం విన్నా తప్పులేదు.

వ్యాసాలు ఇష్టమైతే జేమ్స్ బాల్డ్విన్ ‘ద ఫైర్ నెక్స్ట్ టైమ్’ (1963)లో తమ్ముడి కొడుక్కి రాసిన ఉత్తరం చాలు, కొద్ది పేజీలే. కథ పరిగెత్తాలంటే ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’ (1979): 1976లో లాస్ ఏంజెలస్‌లో ఉన్న అమ్మాయి ఉన్నట్టుండి బానిసల కాలపు మేరీల్యాండ్‌లో తేలుతుంది. రాత్రి మొదలుపెట్టకండి, మీకిక నిద్ర ఉండదు.

మారిసన్‌ను మాత్రం ‘సూలా’ (1973)తో మొదలుపెట్టండి, చిన్నది. ‘బిలవెడ్’ ఆ తర్వాత. దానికి ముందు ఒక్కటి తెలిసి ఉండాలి: 1856లో మార్గరెట్ గార్నర్ అనే తల్లి కెంటకీ నుంచి ఒహాయోకు పారిపోయింది. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళ చేతికి దక్కనివ్వకుండా కన్నకూతుర్ని తనే చంపుకుంది. ఇది తెలిశాక 124 గుమ్మం దగ్గర ఎవరున్నారో వెతుక్కోనక్కర్లేదు. మిగతావి అర్థం కాకపోయినా ఆగకండి, వెనక్కి తిప్పకండి.