పిల్లి లిట్టర్ బాక్స్ వదిలి బయట మూత్రం పోస్తుంటే ఏం చేయాలి

ఇంట్లోనే పెరిగే పిల్లి లిట్టర్ బాక్స్‌ను, అంటే మలమూత్రాల కోసం ఇసుక వంటి లిట్టర్ పోసి ఉంచే పెట్టెను, వదిలిపెట్టి పరుపు మీదనో, సోఫా మూలనో, విడిచిన బట్టల కుప్ప మీదనో మూత్రం పోయడం మొదలుపెడితే, చాలామంది మొదట వాసన పోగొట్టే మందు కోసం వెతుకుతారు, ఆ తరువాత పిల్లిని భయపెట్టి మాన్పించే ఉపాయం కోసం వెతుకుతారు. ఈ రెండింటికన్నా ముందు అది ఎందుకలా చేస్తున్నదో తెలుసుకోవాలి. పిల్లి కక్షతో ఈ పని చేయదు. మూత్రం పోసేటప్పుడు నొప్పిగా ఉన్నా, పెట్టె గానీ అందులోని లిట్టర్ గానీ నచ్చకపోయినా, పెట్టె దాకా వెళ్లడానికి భయం వేసినా, తన వాసనతో హద్దులు గుర్తుపెట్టుకోవాలనిపించినా చేస్తుంది. ఈ నాలుగింటిలో ఏది కారణమైతే దానికి తగిన మార్గమే పనిచేస్తుంది. కారణం తెలియకుండా చేసే ప్రయత్నాలతో వారాలు గడిచిపోతాయి, ఈలోగా ఆ కొత్త చోటు పిల్లికి అలవాటుగా స్థిరపడిపోతుంది.

మొదట వైద్య పరీక్ష

ఈ సమస్యలో ఒక పరిస్థితి అత్యవసరమైనది. పిల్లి, ముఖ్యంగా మగపిల్లి, మాటిమాటికీ పెట్టెలోకి వెళ్లి ముక్కుతూ కూర్చుని, చుక్కో రెండు చుక్కలో పోసి, లేదా ఏమీ పోయకుండానే బయటికి వస్తుంటే, ఆ సమయంలో అరుస్తుంటే, మూత్రద్వారాన్ని పదేపదే నాకుతుంటే, తిండి మానేసి వాంతులు చేసుకుంటుంటే, తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి. మగపిల్లి మూత్రనాళం సన్నగా ఉంటుంది కనుక, చిన్న స్ఫటికాలు గానీ జిగురు పదార్థం గానీ అడ్డుపడితే మూత్రం పూర్తిగా నిలిచిపోతుంది. అలా నిలిచిపోయినప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ముక్కుతూ కూర్చున్న పిల్లిని చూసి మలబద్ధకమనుకుని ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవడం చాలా ప్రమాదకరం. నొప్పి తగ్గుతుందని మనుషుల మాత్రలు అసలే వేయకూడదు. పారాసెటమాల్ ఒక్క మాత్రయినా పిల్లి ప్రాణం తీయగలదు.

అత్యవసర లక్షణాలేవీ లేకపోయినా, అలవాటు మారిన తొలి రోజుల్లోనే ఒకసారి మూత్ర పరీక్ష చేయించడం మంచిది. మూత్రాశయంలో రాళ్లు, ఇన్ఫెక్షన్, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వంటివన్నీ ఈ రూపంలోనే బయటపడవచ్చు. అయితే మూత్ర సంబంధమైన ఇబ్బందితో వచ్చే పిల్లుల్లో సగానికి పైగా ఉండేది వీటిలో ఏదీ కాదు. ఇన్ఫెక్షన్ లేకుండానే మూత్రాశయం వాచే ఒక స్థితి ఉంది, దానికి ఒత్తిడి ప్రధాన ప్రేరణ. ఇది సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతుంది, మళ్లీ మళ్లీ వస్తుంది. ఇన్ఫెక్షన్ ఉన్నట్టు పరీక్షలో తేలకుండా వాడే యాంటీబయాటిక్స్ దీనికి ఉపయోగపడవు. నొప్పి తగ్గించే మందు, ఎక్కువ నీరు, ప్రశాంతమైన ఇల్లు దీనికి అవసరం. నీటి విషయానికి వస్తే, తడి ఆహారంలో సుమారు 75 నుంచి 80 శాతం నీరే ఉంటుంది, పొడి ఆహారంలో 10 శాతం దాకా మాత్రమే. అందుచేత మూత్రాశయం ఇబ్బంది ఉన్న పిల్లిని నెమ్మదిగా తడి ఆహారానికి అలవాటు చేయడం, నీటి గిన్నెలను ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టడం నిజంగా ఫలితమిస్తాయి.

ఇంకొక సంగతి గమనించాలి. పెట్టెలో కూర్చున్నప్పుడు నొప్పి పుట్టిన పిల్లి ఆ నొప్పిని పెట్టెతోనే ముడివేసుకుంటుంది. జబ్బు నయమైన తరువాత కూడా పెట్టెకు దూరంగా ఉండటానికి ఇదే కారణం. అప్పుడు మందులు ఆగిపోతాయి కానీ అసలు పని మిగిలే ఉంటుంది: పెట్టెను పిల్లి కంటికి కొత్త వస్తువుగా మార్చాలి. వేరే ఆకారంలో ఉన్న పెట్టె, వేరే రకం లిట్టర్, వేరే చోటు, ఈ మూడూ కలిస్తే పాత జ్ఞాపకం త్వరగా చెరుగుతుంది.

మూత్రమా, గుర్తు వేయడమా

పిల్లి నిలబడి, తోకను పైకెత్తి వణికిస్తూ, గోడ మీదికో తలుపు మీదికో కొద్దిగా చిమ్మితే అది హద్దులు గుర్తు వేయడం. కూర్చుని, నేల మీద గానీ పరుపు మీద గానీ మడుగు కట్టేంత పోస్తే అది మూత్రవిసర్జన. మొదటిదానికి పెట్టె మార్చడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు, రెండవదానికి అదే మొదటి చికిత్స. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని గండుపిల్లి చిమ్ముతుంటే ఆపరేషన్ చేయించడమే సరైన మార్గం. ఆపరేషన్ తరువాత సుమారు 90 శాతం మగపిల్లుల్లో ఈ అలవాటు మానడమో బాగా తగ్గడమో జరుగుతుంది. ఎదకు వచ్చిన ఆడపిల్లులు కూడా చిమ్ముతాయి. ఆపరేషన్ జరిగిన పిల్లి కొత్తగా చిమ్మడం మొదలుపెడితే, కిటికీ బయట తిరిగే పరాయి పిల్లి కోసం ముందు చూడాలి. మరకలు కిటికీల కింద, వీధి తలుపు పక్కన ఎక్కువగా ఉంటే అనుమానం దాదాపు నిజమే. కిటికీ అద్దం కింది భాగానికి మసక కాగితం అంటించి ఆ దృశ్యాన్ని మూసేయడం చిన్న పనే అయినా, చాలా ఇళ్లలో దానితోనే ఉపశమనం కలుగుతుంది.

లిట్టర్ బాక్స్‌ను పిల్లి వైపు నుంచి చూడాలి

దుకాణాల్లో దొరికే పెట్టెల్లో చాలావరకు పెద్ద పిల్లికి చాలవు. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి పొడవు ఎంతో, పెట్టె పొడవు దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. అప్పుడే అది లోపల తిరిగి, గోకి, సర్దుకుని కూర్చోగలదు. సామాన్లు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్బును ఒక వైపు తగ్గించి కోసి, అంచులు నున్నగా చేసి వాడితే ఈ కొరత తీరుతుంది. మూతలున్న పెట్టెలు మన కంటికి శుభ్రంగా కనబడతాయి కానీ వాసన లోపలే నిలిచిపోతుంది. పైగా ఇంకొక పిల్లి ద్వారం దగ్గర కాపు కాస్తే లోపల ఉన్నదానికి తప్పించుకునే దారి ఉండదు. మూత తీసేసి కొన్ని రోజులు చూడండి.

లిట్టర్ విషయంలో పరిమళం లేనిది, సన్నటి రేణువులున్నది, తడి తగిలితే గడ్డకట్టేది ఎక్కువ పిల్లులకు నచ్చుతుంది. సుమారు 5 సెంటీమీటర్ల మందాన పోయాలి. పరిమళం కలిపిన లిట్టర్ మన ముక్కు కోసం తయారైనది, పిల్లి ముక్కుకు అది ఘాటు. మీ పిల్లి ఇష్టం తెలియకపోతే రెండు మూడు పెట్టెలు పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కదానిలో ఒక్కో రకం పోసి, కొన్నాళ్లు గమనించండి. ఏ పెట్టెలో గడ్డలు ఎక్కువ కనబడితే దాని జవాబు అదే. పాత రకం నుంచి కొత్త రకానికి మారేటప్పుడు, జబ్బు కారణంగా పెట్టెకే దూరమైన పిల్లి విషయంలో తప్ప, వారం పది రోజుల పాటు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

పెట్టెను రోజుకు కనీసం ఒకసారి, వీలైతే రెండుసార్లు శుభ్రం చేయాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు మూత్రం పోస్తుంది కనుక, గడ్డల సంఖ్య, పరిమాణం చూస్తూ ఉండటం మంచి అలవాటు. గడ్డలు ఒక్కసారిగా పెద్దవైతే మధుమేహం లేదా మూత్రపిండాల జబ్బు, మరీ చిన్నవై సంఖ్య పెరిగితే మూత్రాశయం నొప్పి అయి ఉండవచ్చు. గర్భిణులు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మంచిది. తప్పనిసరైతే చేతి తొడుగులు వేసుకుని ప్రతిరోజూ తీసేయాలి, ఎందుకంటే గర్భంలోని బిడ్డకు హాని చేయగల, పిల్లి మలంలో ఉండగల టాక్సోప్లాస్మా పరాన్నజీవి ఇతరులకు సోకే దశకు చేరడానికి కనీసం ఒక రోజు పడుతుంది. పెట్టెను కడిగేటప్పుడు మామూలు సబ్బు, వేడినీళ్లు చాలు. ఫినాల్ ఉన్న క్రిమిసంహారకాలు పిల్లులకు విషం. ప్లాస్టిక్ మీద గోళ్ల గీతల్లో వాసన పట్టేస్తుంది కాబట్టి ఏడాదికొకసారి పెట్టెనే మార్చేయాలి.

ఎన్ని పిల్లులుంటే అన్ని పెట్టెలు, పైన ఇంకొకటి అనేది పశువైద్యులు చెప్పే లెక్క. అయితే మూడు పెట్టెలను ఒకే మూలన వరుసగా పెడితే పిల్లి దృష్టిలో అవి ఒక్క పెట్టె కిందే లెక్క. వాటిని వేర్వేరు గదుల్లో, మేడ ఉంటే ప్రతి అంతస్తులోనూ ఉంచాలి. తిండి గిన్నె పక్కన, హఠాత్తుగా మోత చేసే వాషింగ్ మెషీన్ పక్కన, మనుషులు అటూ ఇటూ నడిచే దారిలో పెట్టకూడదు. వయసు మళ్లిన పిల్లికి కీళ్ల నొప్పులుంటాయి. ఎత్తైన అంచు దాటడం, మెట్లెక్కి వెళ్లడం దానికి భారమై దగ్గరలో ఉన్న తివాచీని ఎంచుకుంటుంది. అంచు తక్కువగా ఉన్న పెట్టెను అది పడుకునే చోటికి దగ్గరగా జరిపితే ముసలి పిల్లులు చాలావరకు తిరిగి పెట్టెకు వస్తాయి.

మరక, వాసన

వాసన మిగిలినంతకాలం పిల్లి ఆ చోటును తన పెట్టెగానే గుర్తిస్తుంది. మూత్రంలోని యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు నీటిలో సులువుగా కరగవు. సబ్బుతో కడిగినప్పుడు పోయినట్టనిపించి, గాలిలో తేమ పెరిగిన రోజున మళ్లీ వాసన రావడానికి కారణం ఇదే. వీటిని విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ కావాలి. మూత్రం ఎంత లోతుకు ఇంకిందో క్లీనర్ కూడా అంత లోతుకు ఇంకాలి కనుక, పరుపు, తివాచీ వంటివాటి మీద పైపైన చల్లి తుడిచేయకుండా, బాగా తడిసేలా పోసి, డబ్బా మీద రాసిన సమయం పాటు వదిలి, గాలికి ఆరనివ్వాలి. పాత మరకలు కనబడకపోతే చీకట్లో అతినీలలోహిత టార్చి వేసి చూడండి, మూత్రం పడిన చోట్లు పసుపుపచ్చగా మెరుస్తాయి. బట్టలను మొదట చన్నీళ్లలో, ఎంజైమ్ ఉన్న సబ్బుతో ఉతకాలి. వాసన పూర్తిగా పోయేదాకా వేడి తగలనివ్వకూడదు, వేడి వాసనను నూలులో నిలబెడుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు మూత్రం వాసననే పోలి ఉంటాయి కాబట్టి పిల్లిని మళ్లీ అక్కడికే రప్పిస్తాయి. బ్లీచ్ వాడకండి, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది.

శుభ్రం చేసిన చోట పిల్లి తిండి గిన్నెను గానీ పడక గుడ్డను గానీ ఉంచండి, తాను తినే చోట, పడుకునే చోట మూత్రం పోయడానికి పిల్లి సాధారణంగా ఇష్టపడదు. అయినా అదే చోటికి పట్టుబట్టి వెళ్తుంటే, దాని పట్టుదలకు కొన్నాళ్లు తలొగ్గడమే మంచిది: సరిగ్గా అక్కడే ఒక పెట్టె పెట్టి, అందులో పోయడం స్థిరపడిన తరువాత, రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున మీకు వీలైన చోటికి జరుపుకుంటూ వెళ్లాలి. ఇంట్లో చాలా చోట్ల పోస్తున్న పిల్లికి మాత్రం చిన్న గది అవసరం. అందులో పడక, తిండి, నీరు, ఆటవస్తువులు, గది రెండో చివర పెట్టె ఉంచి, మీరు తరచూ వెళ్లి పలకరిస్తూ, రెండు మూడు వారాలు ఒక్క పొరపాటూ లేకుండా గడిచాక, ఒక్కొక్క గది చొప్పున ఇల్లు తెరవాలి. ఇది శిక్షగా అనిపించకూడదు, అందుకే ఆ గదిలో మీరు గడిపే సమయం చాలా ముఖ్యం.

ముక్కును మరకలో రుద్దడం, కొట్టడం, నీళ్లు చిమ్మడం చేయవద్దు. వీటి వల్ల పిల్లి నేర్చుకునేది మీ ఎదుట మూత్రం పోయకూడదని మాత్రమే. ఆ తరువాత మంచం కిందా అలమారా వెనకా పోస్తుంది, భయం పెరిగిన కొద్దీ మూత్రాశయం వాపు కూడా తిరగబెడుతుంది.

ఇంట్లో ఒత్తిడి

కొత్త బిడ్డ, కొత్త పెంపుడు జంతువు, ఇల్లు మారడం, చుట్టాలు రావడం, యజమాని పనివేళలు మారడం, ఇవన్నీ పిల్లికి పెద్ద మార్పులే. రెండు పిల్లులున్న ఇంట్లో పోట్లాట కంటికి కనబడకుండానే జరుగుతుంది. ఒకటి దారికి అడ్డంగా పడుకుని ఊరికే చూస్తూ ఉంటుంది, రెండవది పెట్టె దాకా వెళ్లే ధైర్యం చేయదు. తిండి, నీరు, పడక, గోకే స్తంభం, పెట్టె, ఇవన్నీ ఒకదానికొకటి కనబడని రెండు చోట్ల ఉంచితే ఈ కాపలాకు అర్థం లేకుండా పోతుంది. ఎత్తైన చోట్లు, దాక్కునే చోట్లు పెంచండి, తిండి, ఆట వేళలు మార్చకండి. పిల్లి ముఖ గ్రంథుల వాసనను పోలిన పదార్థాన్ని గదిలోకి వదిలే ఫెరోమోన్ డిఫ్యూజర్ పరికరం కొన్ని పిల్లులకు ఉపకరిస్తుంది, కొన్నింటి మీద ప్రభావం కనబడదు. పై మార్పులన్నీ చేస్తూ దానిని కూడా ప్రయత్నించవచ్చు, దాని మీదే ఆధారపడకూడదు.

ఇవన్నీ చేసిన తరువాత కూడా మార్పు రాకపోతే పశువైద్యుడు ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ వంటి ఆందోళన తగ్గించే మందులు సూచించవచ్చు. వాటి ప్రభావం పూర్తిగా తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పది రోజులకే ఫలితం లేదని ఆపేయకూడదు, ఫలితం కనబడిందని ఒక్కసారిగా మానేయకూడదు, మోతాదు తగ్గించడం వైద్యుని చేతుల్లోనే ఉండాలి. పిల్లి తిరిగి పెట్టెకు అలవాటుపడిన తరువాత కూడా అదనంగా పెట్టిన పెట్టెలను కనీసం రెండు మూడు నెలలు కదపవద్దు. ఎప్పుడైనా మళ్లీ బయట పోస్తే, పాత అలవాటే తిరగబెట్టిందని అనుకోకుండా, మొదటి పనిగా మూత్ర పరీక్షే చేయించండి.